సున్నా వచ్చిన వరుస: హిమోగ్లోబిన్‌లో అమైనో ఆమ్ల అవశేషాల కాంటాక్టుల విశ్లేషణపై ఒక కేస్ స్టడీ

నెల్లూరులో నా మార్గదర్శకత్వంలో జరిగిన ఒక ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకున్న స్థితికీ వదిలేసిన స్థితికీ మధ్య దాని అమైనో ఆమ్ల అవశేషాల (గొలుసులో చేరిన ఒక్కొక్క అమైనో ఆమ్లం ఒక అవశేషం) కాంటాక్టులు, అంటే అవి ఒకదానినొకటి తాకే చోట్లు, ఎలా మారతాయో లెక్కించబోయి, దాదాపు నెల రోజుల పాటు ఒక తప్పుడు ఫలితాన్ని నిజమని నమ్మాం. తప్పు మొదలైంది కోడులో కాదు, కాంటాక్టుకు మేము ఎంచుకున్న దూరంలోనూ కాదు. మేము తెరిచిన ఫైలులో అణువు సగమే ఉంది. కాంటాక్టులను లెక్కించే పద్ధతుల గురించి తెలుగులో చదువుకునే విద్యార్థులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఆ పనిని మొదటి నుంచి, మా పొరపాట్లతో సహా, ఇక్కడ నమోదు చేస్తున్నాను.

విద్యార్థినిది విడవలూరు వైపు తీరప్రాంతపు ఊరు. ఇంట్లో వనామీ రొయ్యల సాగు ఉంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలితే, ఏరేటర్లు వేయడానికి తండ్రితో పాటు టార్చిలైటు పట్టుకొని గుంతల గట్ల మీద పరుగెత్తిన అనుభవం ఆమెకు చిన్ననాటి నుంచి ఉంది. అందుకే ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ల మీదే పని చేస్తానని పట్టుబట్టింది. నిజానికి రొయ్య రక్తంలో హిమోగ్లోబిన్ ఉండదు. అక్కడ ఆ పని చేసేది హిమోసయానిన్ అనే రాగి ప్రోటీన్, ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు అది నీలి రంగులోకి మారుతుంది. అయినా మొదటి పనికి మనిషి హిమోగ్లోబిన్‌నే తీసుకుందామని నేను చెప్పాను. దానికి రెండు స్థితుల్లోనూ మంచి స్ఫటిక నిర్మాణాలు ఉన్నాయి, వాటి మధ్య తేడా ఏమిటో, హిమోగ్లోబిన్ నిర్మాణాన్ని కనుగొన్న మాక్స్ పెరుట్జ్ 1970లోనే వివరించి ఉన్నాడు. కొత్త పద్ధతిని జవాబు తెలిసిన లెక్క మీద పరీక్షించి చూడాలన్నది నా పాత అలవాటు. తరువాత మమ్మల్ని కాపాడింది కూడా ఆ అలవాటే.

విషయం తెలియనివారి కోసం కొంత చెప్పాలి. వయోజనుల హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు ఉంటాయి: 141 అవశేషాల ఆల్ఫా గొలుసులు రెండు, 146 అవశేషాల బీటా గొలుసులు రెండు, మొత్తం 574 అవశేషాలు. ఒక్కొక్క గొలుసులో ఆక్సిజన్‌ను పట్టుకునే, ఇనుము ఉన్న ఒక్కొక్క హీమ్ ఉంటుంది. ఒక ఆల్ఫా, ఒక బీటా గట్టిగా కలిసి జతగా ఉంటాయి, అవి రెండూ తాకే చోటును ఆల్ఫా1–బీటా1 ముఖం అంటాం. ఇలాంటి రెండు జతలు ఒకదానికొకటి ఎదురుగా చేరిన చోట ఏర్పడేది ఆల్ఫా1–బీటా2 ముఖం. ఆక్సిజన్ చేరినప్పుడు ఒక జత రెండో జతతో పోలిస్తే సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఆ తిరుగుడులో మొదటి ముఖం పెద్దగా కదలదు, జారేదీ మారేదీ రెండో ముఖమే. ఆక్సిజన్ లేని బిగుతు స్థితిని టి అనీ, ఆక్సిజన్ ఉన్న సడలిన స్థితిని ఆర్ అనీ పిలుస్తారు.

కాంటాక్టు అని దేనిని అనాలి అన్న ప్రశ్న వినడానికి చిన్నది, కాని ఈ పనిలో సగం వాదన దాని చుట్టూనే జరుగుతుంది. ఎక్స్-రే నిర్మాణంలో మనకు దొరికేవి పరమాణువుల స్థానాలు మాత్రమే. ఫలానా రెండు పరమాణువులు తాకుతున్నాయని ఫైలులో ఎక్కడా రాసి ఉండదు, ఆ మాటను మనమే ఒక దూరాన్ని పెట్టుకొని నిర్ణయించాలి. అందరూ వాడే తేలిక పద్ధతిలో ప్రతి అవశేషానికీ గొలుసు వెన్నెముకలోని ఆల్ఫా కార్బన్‌నో, అక్కడి నుంచి పక్కకు పొడుచుకొచ్చే పక్కగొలుసులో (సైడ్ చైన్) మొదటిదైన బీటా కార్బన్‌నో తీసుకొని, రెండింటి మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోపు ఉంటే కాంటాక్టు ఉన్నట్టు లెక్కిస్తారు. ప్రోటీన్ ఏ ఆకారంలో ముడుచుకుందో స్థూలంగా చూడడానికి ఇది చాలు. అయితే ఆర్జినిన్ పక్కగొలుసు చాలా పొడవైనది. దాని చివరనున్న ధనావేశం ఎదుటి ఆస్పార్టేట్ రుణావేశాన్ని పట్టుకొని ఉన్నా, వాటి ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటిపోవచ్చు, అప్పుడు అసలైన బంధమే జాబితాలోకి రాదు. దీనికి విరుద్ధంగా, ఆల్ఫా కార్బన్లు దగ్గరగా ఉండి పక్కగొలుసులు చెరొక దిక్కుకూ తిరిగి ఉన్న జంటలు కాంటాక్టులుగా నమోదవుతాయి. హిమోగ్లోబిన్ కథంతా పక్కగొలుసుల చివరల్లోనే నడుస్తుంది కాబట్టి ఈ పద్ధతి మాకు పనికిరాదని మొదటే అనుకున్నాం.

చివరికి హైడ్రోజన్‌లను వదిలి మిగిలిన పరమాణువులన్నింటినీ తీసుకొని, రెండు అవశేషాల మధ్య ఏ ఒక్క జంట పరమాణువులైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్టుగా లెక్కించాం. అందులో నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు 3.5 లోపు ఉంటే హైడ్రోజన్ బంధం కావచ్చని ఒక గుర్తు, వ్యతిరేక ఆవేశాలున్న పక్కగొలుసుల చివరలు 4 లోపు ఉంటే సాల్ట్ బ్రిడ్జ్ అని మరో గుర్తు పెట్టాం. ఒకే గొలుసులో వరుసలో నాలుగు స్థానాల లోపు ఉన్న జంటలను తీసేశాం. హెలిక్స్‌లో, అంటే గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగంలో, ఏ అవశేషమైనా తన తరువాతి నాలుగో అవశేషానికి సహజంగానే దగ్గరగా ఉంటుంది. హిమోగ్లోబిన్ చాలావరకు హెలిక్సులతో కట్టినదే కాబట్టి, వాటిని ఉంచితే కాంటాక్టుల పటమంతా ఆ సామాన్యమైన జంటలతోనే నిండిపోతుంది.

ఈ దూరాల వెనుక ఒక చరిత్ర ఉంది. పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరకు రాగలవన్న హద్దులను ప్రోటీన్లకు వర్తింపజేసి, 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్ ఇప్పుడు రామచంద్రన్ పటం అని పిలిచే పటాన్ని రూపొందించారు. మామూలుగా అనుమతించదగిన దూరం, గరిష్ఠంగా సర్దుకోగల దూరం అని రెండు హద్దులు పెట్టడం అందులోని వివేకం. ఒకే గీత గీసి ఇటు కాంటాక్టు, అటు శూన్యం అని చెప్పడం కంటే అది నిజానికి దగ్గరగా ఉంటుంది. నెల్లూరులో రైలెక్కితే ఒక పూటలో చేరుకునే ఊళ్లో జరిగిన ఈ పనిని మన విద్యార్థులు పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మగా మాత్రమే చూసి దాటిపోతుంటే నాకు కొంచెం బాధగా ఉంటుంది.

లెక్క బరువు గురించి చాలామంది భయపడతారు, కాని అది అనవసరం. 574 అవశేషాలకు 1,64,451 జంటలు వస్తాయి. పరమాణువుల స్థాయిలో నాలుగు వేలకు పైగా పరమాణువులకు దాదాపు కోటి జంటలు. పాత లాప్‌టాప్‌లో కూడా బయోపైథాన్ అనే ప్రోగ్రాం లైబ్రరీలోని, సమీప పరమాణువులను వెతికే పద్ధతి ఈ పనిని కొద్ది సెకన్లలో ముగిస్తుంది. మాకు సమయం పట్టింది లెక్కకు కాదు.

నిర్మాణాలన్నీ భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో వాటిని గుర్తించే సంకేతాలు ఇచ్చింది నేనే. ఆక్సిజన్ లేని స్థితికి 1984 నాటి 2హెచ్‌హెచ్‌బి, దాని రిజల్యూషన్, అంటే స్పష్టత (అంకె చిన్నదైతే స్పష్టత ఎక్కువ), 1.74 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆక్సిజన్ ఉన్న స్థితికి 1983 నాటి 1హెచ్‌హెచ్‌ఓ, రిజల్యూషన్ 2.1. రెండూ పాఠాల్లో ఎప్పుడూ చెప్పే నిర్మాణాలే కావడంతో గుర్తున్నవి గుర్తున్నట్టు బోర్డు మీద రాశాను. ఆమె వాటిని దించుకొని, గొలుసుల జంటల వారీగా కాంటాక్టులను లెక్కించి పట్టిక తయారుచేసింది. ఆల్ఫా1–బీటా1 వరుసలో రెండు స్థితులకూ అంకెలు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఆల్ఫా1–బీటా2 వరుసలో ఆక్సిజన్ లేనప్పుడు కాంటాక్టులు బాగానే ఉన్నాయి, ఆక్సిజన్ చేరిన గడిలో మాత్రం సున్నా.

మేము సంతోషించాం. ఆక్సిజన్ చేరగానే జతల మధ్య పట్టు పూర్తిగా సడలిపోతుందని, అందుకే ఆర్ స్థితిని సడలిన స్థితి అంటారని ఆ సున్నాకు ఒక వివరణ కూడా కట్టేశాం. 'సడలిన' అన్న మాట మమ్మల్ని ఎంత సులభంగా ఒప్పించిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఒక సదస్సుకు పోస్టరు సారాంశం రాశాం, దానిమీద నా సంతకం కూడా ఉంది.

పోస్టరు పంపే ముందు చివరి పట్టిక ఒకటి చేర్చమన్నాను. కాంటాక్టులు మారితే రోగుల్లో ఏం జరుగుతుందో చూపే రెండు ఉత్పరివర్తనలను అందులో పెట్టాలన్నది నా ఆలోచన. మొదటిది హిమోగ్లోబిన్ కెంప్సీ. దీనిలో బీటా గొలుసు 99వ స్థానంలో ఆస్పార్టేట్ బదులు ఆస్పరజీన్ ఉంటుంది. సాధారణ అణువులో టి స్థితిలో ఈ ఆస్పార్టేట్ ఎదుటి ఆల్ఫా గొలుసులోని టైరోసిన్ 42తో హైడ్రోజన్ బంధంలో ఉంటుంది. అది పోవడంతో టి స్థితి బలహీనపడి, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను అతిగా అంటిపెట్టుకుంటుంది. రెండోది హిమోగ్లోబిన్ కాన్సాస్. బీటా 102వ స్థానంలో ఆస్పరజీన్ బదులు థ్రియొనిన్. సాధారణ అణువులో ఆర్ స్థితిలో ఈ ఆస్పరజీన్ ఎదుటి ఆల్ఫా గొలుసులోని ఆస్పార్టేట్ 94ను పట్టుకొని ఉంటుంది. ఆ పట్టు పోతే ఆర్ స్థితి నిలవదు, ఆక్సిజన్ పట్టు తగ్గుతుంది, మనిషి నీలిబారి కనిపిస్తాడు.

మొదటి జంట మా జాబితాలో ఉంది. రెండోది లేదు. లేకపోగా, మా పట్టిక ప్రకారం ఆర్ స్థితిలో ఆ ముఖంలో ఒక్క కాంటాక్టు కూడా లేదు. ఆర్ స్థితిలో ఏ పట్టూ లేకపోతే, ఒక పట్టు పోయినందువల్ల కాన్సాస్ రోగి నీలిబారడం ఎలా? అర్ధ శతాబ్దంగా నిలిచిన వివరణకూ మా లెక్కకూ పొసగలేదు. అప్పుడు సందేహించవలసింది ఏదో వేరే చెప్పనక్కరలేదు.

మొదట మేము దూరాన్నే అనుమానించాం. ఆక్సిజన్ ఉన్న నిర్మాణపు రిజల్యూషన్ కాస్త తక్కువ కాబట్టి పక్కగొలుసుల స్థానాల్లో పొరపాటు ఉండి, 4.5 అన్న గీతకు కొంచెం అవతల పడ్డాయేమో అనుకున్నాం. గీతను 5కు, 6కు, 8కి జరిపాం. ఆల్ఫా1–బీటా2 గడి కదలలేదు. చివరికి ఆమె 12 కూడా పెట్టి చూసి, స్క్రీన్ నా వైపు తిప్పింది.

"ఇదేంది సార్, ఎంత పెంచినా సున్నానే వస్తా ఉండాది."

"ఏదో ఒక దూరంలో ఒక్కటన్నా రావాల గదమ్మా. పక్క గది గోడ దాకా పోయినా ఎవురూ తగలకపోతే, ఆ ఇంట్లో మనుషులే లేనట్టు."

ఆ మాట సరదాగానే అన్నాను, కాని జవాబు అందులోనే ఉంది. ఒకే అణువులోని రెండు భాగాల మధ్య కాంటాక్టులను లెక్కిస్తున్నప్పుడు, దూరాన్ని పెంచుతూ పోతే సంఖ్య పెరిగి తీరాలి. పెరగకుండా సున్నా దగ్గరే నిలిచిపోతే అక్కడ కాంటాక్టు లేదని కాదు, లెక్కించడానికి ఎదుటి పక్షమే లేదని అర్థం. ఫైలును అణువులను చూపే పైమాల్ ప్రోగ్రాంలో తెరిచి చూస్తే 'ఏ', 'బి' అనే రెండే గొలుసులు కనిపించాయి. సి, డి గొలుసులు లేవు. నాలుగు గొలుసుల ఫైలులో 'ఏ', 'సి' ఆల్ఫాలు, 'బి', 'డి' బీటాలు, కాబట్టి ఆల్ఫా1–బీటా2 ముఖం కోసం మా కోడు 'ఏ', 'డి' గొలుసుల మధ్య దూరాలు అడిగింది. డి దొరకకపోతే తప్పు చెప్పి ఆగిపోకుండా ఖాళీ జాబితా ఇచ్చింది, పట్టిక ఆ ఖాళీని సున్నాగా రాసుకుంది. లేని గొలుసుకూ తాకని గొలుసుకూ మా పట్టికలో ఒకే అంకె.

ఎందుకిలా జరిగిందంటే, స్ఫటికంలో ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఒక ద్విగుణ సౌష్ఠవ అక్షం మీద కూర్చుంది. ఆ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే ఒక జత సరిగ్గా రెండో జత మీద పడుతుంది. అలాంటప్పుడు నిర్మాణాన్ని సాధించినవారు సగాన్ని మాత్రమే నమోదు చేస్తారు, మిగతా సగం సౌష్ఠవం నుంచి వస్తుంది. ఇలా నమోదు చేసే భాగాన్ని అసమ యూనిట్ అంటారు. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ స్ఫటికంలో మాత్రం నాలుగు గొలుసులూ అసమ యూనిట్‌లోనే ఉన్నాయి. ఒంగోలు ఎడ్ల జత అమ్మకానికి వస్తే, రెండూ ఒకే ఈడువి, ఒకే పోలికవి అని ఒక ఎద్దు ఫోటో మాత్రమే పంపిన రైతు మోసం చేసినట్టు కాదు, ఫోటో కింద 'జత' అని రాసే ఉంటాడు. ఆ మాట చదవకుండా కాడి కింద ఒక్క ఎద్దే ఉందనుకోవడం కొనేవాడి తప్పు. ప్రోటీన్ డేటా బ్యాంక్ ఫైలులో ఆ 'జత' అన్న మాట ఉండేది రిమార్క్ 350 అనే పంక్తుల్లో. జీవకణంలో ఉండే పూర్తి అణువును కట్టడానికి ఏ గొలుసులను ఏ మాత్రికతో తిప్పి జరపాలో అక్కడ రాసి ఉంటుంది. నేను ఏళ్ల తరబడి ఈ ఫైళ్లు తెరుస్తున్నాను, ఆ పంక్తులను మాత్రం దాటించుకొని పోతుండేవాడిని.

సవరణ ఒక్క రోజులో అయిపోతుందనుకున్నాం. డేటా బ్యాంక్ పూర్తి అణువును, అంటే జైవిక అసెంబ్లీని, విడి ఫైలుగా ఇస్తుంది. దానిని దించుకొని మళ్లీ లెక్క వేసింది. మళ్లీ సున్నా. ఆ సాయంత్రం ఆమె ముఖం చూస్తే, మందు చల్లిన మర్నాడు కూడా తెగులు అలాగే ఉన్న చేను ముందు నిలబడ్డ రైతు గుర్తుకొచ్చాడు.

ఈసారి సంగతి వేరు. పాత ఫార్మాట్‌లోని అసెంబ్లీ ఫైలులో, సౌష్ఠవం వల్ల వచ్చిన రెండో జతను కొత్త పేర్లతో కాక, అవే 'ఏ', 'బి' పేర్లతో, రెండో మోడల్ అనే శీర్షిక కింద రాస్తారు. స్ఫటికం లేకుండా ద్రావణంలోనే చేసే ఎన్‌ఎంఆర్ పద్ధతి నిర్మాణాల్లో ఒకే అణువుకు పలు రూపాలను మోడళ్లుగా ఇస్తారు కాబట్టి, చాలా కోడులు మొదటి మోడల్‌ను మాత్రమే తీసుకొని మిగతావాటిని వదిలేస్తాయి. మా కోడు కూడా అదే చేసింది. పూర్తి అణువు ఫైలులో ఉంది, మేము చదివింది మాత్రం మళ్లీ సగమే. ఎంఎంసిఐఎఫ్ అనే కొత్త ఫార్మాట్ అసెంబ్లీ ఫైళ్లలో నకలు గొలుసులకు వేరే పేర్లు వస్తాయి, కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది రాదు. అయినా పేర్ల సర్దుబాటు మన చేతుల్లోనే ఉండాలని, మేము రిమార్క్ 350లోని మాత్రికను నేరుగా వర్తింపజేసి, 'ఏ' గొలుసు నకలుకు 'సి' అనీ, 'బి' గొలుసు నకలుకు 'డి' అనీ పేర్లు పెట్టాం.

పేర్లు పెట్టడంలో ఇంకొక చిక్కు ఉంది. అసమ యూనిట్‌లో ఉన్న ఆల్ఫా, బీటా జత ఆల్ఫా1–బీటా1 కావచ్చు, ఆల్ఫా1–బీటా2 కావచ్చు. స్ఫటికశాస్త్రం దృష్టిలో రెండూ సమానమే, నమోదు చేసేవారి ఇష్టం. అది తెలుసుకోకుండా 'ఏ', 'డి' వరుసను ఆల్ఫా1–బీటా2 అని రాసేస్తే, రెండు ముఖాలూ తారుమారైన పట్టిక వస్తుంది, అంకెలన్నీ నమ్మదగినవిగానే కనిపిస్తాయి. బీటా గొలుసులోని ట్రిప్టోఫాన్ 37 ఆల్ఫా1–బీటా2 ముఖానికి గుర్తింపు కార్డు లాంటిది. అది ఏ గొలుసు వైపు తిరిగి ఉందో చూసి పేర్లను నిర్ధారించుకున్నాం.

సరిదిద్దిన తరువాత 4.5 గీత దగ్గరే ఆర్ స్థితిలోని ఆస్పార్టేట్ 94, ఆస్పరజీన్ 102 జంట జాబితాలోకి వచ్చింది. ఆ ఒక్క వరుసను చూడడానికి ఆమె క్యాంటీన్‌లో ఉన్న నన్ను పిలిపించింది. టీ అలాగే వదిలి వెళ్లాను.

అక్కడితో ఆగకుండా నిర్మాణాలను కూడా మార్చాం. 1.74కూ 2.1కూ మధ్య ఉన్న తేడా, అది కూడా నమూనాను కొలతలకు సరిపోయేలా మెరుగుపరిచే వేరువేరు కాలాల పద్ధతులతో వచ్చినది, కాంటాక్టుల సంఖ్యలో తనంతట తానే చిన్న తేడాలు పుట్టించగలదు. 2006లో ఒకే బృందం, ఒకే 1.25 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్‌లో ప్రచురించిన 2డిఎన్2 (ఆక్సిజన్ లేనిది), 2డిఎన్1 (ఆక్సిజన్ ఉన్నది) జంట అలాంటి పోలికకు తగినది. అయితే రిజల్యూషన్ మెరుగుపడితే మరో పని పెరుగుతుంది. ఇంత స్పష్టమైన నిర్మాణాల్లో కొన్ని పక్కగొలుసులు రెండు స్థానాల్లో కనిపిస్తాయి, రెండూ ఫైలులో ఉంటాయి. రెండింటినీ లెక్కిస్తే ఒకే అవశేషం ఒకేసారి రెండు చోట్ల ఉన్నట్టు కాంటాక్టులు పెరుగుతాయి. మేము ఎక్కువ ఆక్యుపెన్సీ (ఆ స్థానంలో కనిపించే వాటా) ఉన్న రూపాన్ని మాత్రమే ఉంచాం. ఆస్పరజీన్, గ్లుటమీన్‌ల చివర నైట్రోజన్‌ను, ఆక్సిజన్‌ను ఎలక్ట్రాన్ సాంద్రత తేలికగా వేరు చేయలేదు కాబట్టి, కీలకమైన 102వ ఆస్పరజీన్ సరైన దిశలో ఉందో లేదో హైడ్రోజన్‌లు చేర్చి ప్రత్యేకంగా పరిశీలించాం.

అవశేషాల సంఖ్యల విషయం త్వరగా చెప్పేస్తాను. స్ఫటిక నిర్మాణాల్లో, పాత వైద్య సాహిత్యంలో మొదటి అవశేషం వాలీన్. జన్యు క్రమం నుంచి వచ్చిన డేటాబేసుల్లోనూ, ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాం ఊహించిన నమూనాల్లోనూ వరుస మెథియొనిన్‌తో మొదలవుతుంది, అన్నీ ఒకటి చొప్పున పెరుగుతాయి. సికిల్ సెల్ వ్యాధిలో మారే బీటా 6వ స్థానం అక్కడ 7వది. రెండు వనరులను కలిపి వాడేవారు ఇక్కడే జారిపడతారు.

ఇప్పుడు పట్టికలో కనిపించింది ఏమిటంటే, ఆల్ఫా1–బీటా1 ముఖం మొదట అనుకున్నట్టే రెండు స్థితుల్లోనూ దాదాపు అలాగే ఉంది. ఆల్ఫా1–బీటా2 ముఖం ఖాళీ అవలేదు, అందులోని జంటలు భాగస్వాములను మార్చుకున్నాయి. బీటాలో ఎఫ్, జి అనే హెలిక్సులు కలిసే మూల దగ్గరున్న హిస్టిడిన్ 97 దీనికి అతి చక్కని సాక్షి. టి స్థితిలో అది ఎదుటి ఆల్ఫా గొలుసులోని థ్రియొనిన్ 41కీ ప్రోలీన్ 44కీ మధ్య ఇరుక్కొని ఉంటుంది. ఆర్ స్థితిలో హెలిక్స్ మీద ఒక మెట్టు జరిగి, థ్రియొనిన్ 38కీ 41కీ మధ్య కూర్చుంటుంది. మధ్యలో నిలవడానికి చోటు లేదు, కాబట్టే ఆ ముఖం రెండు స్థానాల స్విచ్‌లా పనిచేస్తుంది. టైరోసిన్ 42 బీటాలోని ఆస్పార్టేట్ 99ను వదులుతుంది, ఆస్పార్టేట్ 94 ఆస్పరజీన్ 102ను అందుకుంటుంది. కాంటాక్టుల మొత్తం సంఖ్యను మాత్రమే పోల్చి ఉంటే ఈ మార్పిడి కనిపించేది కాదు. ఏ జంట పోయింది, ఏ జంట వచ్చింది అన్న తేడా పటాన్ని విడిగా గీసినప్పుడే కనిపించింది.

నిజంగా పోయినవి గొలుసుల చివరల్లో ఉన్నాయి. టి స్థితిలో ఆల్ఫా గొలుసు చివరి ఆర్జినిన్ 141 ఎదుటి ఆల్ఫాలోని ఆస్పార్టేట్ 126, లైసిన్ 127లతోనూ, బీటా చివరి హిస్టిడిన్ 146 తన గొలుసులోనే ఉన్న ఆస్పార్టేట్ 94తోనూ, ఎదుటి ఆల్ఫాలోని లైసిన్ 40తోనూ సాల్ట్ బ్రిడ్జిలు కట్టుకొని ఉంటాయి. ఆర్ స్థితిలో ఇవి తెగిపోతాయి. ఇక్కడ వచ్చే సున్నా నమ్మదగినది. ఎదుటి గొలుసు ఫైలులో ఉంది, దూరం పెంచుతూ పోతే ఏదో ఒక చోట అంకె మారుతుంది. అయితే సడలిన చివరల్లో పరమాణువుల బి-ఫ్యాక్టర్లు (స్థానం ఎంత అస్పష్టమో చెప్పే అంకెలు) పెద్దవిగా ఉంటాయి, స్థానమే అస్పష్టంగా ఉన్న పరమాణువుకు దూరం కొలిచి కాంటాక్టు ఉంది, లేదు అని తేల్చడం మంచిది కాదు. అలాంటి జంటలను పట్టికలో వేరే గుర్తుతో చూపాం.

పూర్తి అణువును కట్టుకోవాలన్న పాఠాన్ని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే, తరువాతి వారం దానివల్లే మరో తప్పు జరగబోయింది. సికిల్ సెల్ హిమోగ్లోబిన్ నిర్మాణాన్ని కూడా పట్టికలో చేర్చాలని 2హెచ్‌బిఎస్ తీసుకుంది. 1997లో 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్‌లో వచ్చిన ఆ నిర్మాణపు అసమ యూనిట్‌లో రెండు పూర్తి హిమోగ్లోబిన్ అణువులు, అంటే ఎనిమిది గొలుసులు ఉన్నాయి. ఆమె నాలుగు గొలుసుల అసెంబ్లీని ఉంచి, మిగిలినవి స్ఫటికంలో పక్కపక్కన పేర్చినందువల్ల వచ్చిన కాంటాక్టులని తీసేసింది. సాధారణంగా అది సరైన పనే. స్ఫటికంలో పక్క అణువుతో వచ్చే తాకిడి ఎక్కువగా జీవకణంలో ఉండదు. కాని సికిల్ సెల్ వ్యాధి మొత్తం పక్క అణువుతో తాకిడిలోనే ఉంది. బీటా 6వ స్థానంలోని వాలీన్, పక్క అణువులో ఫినైల్‌అలనిన్ 85, ల్యూసిన్ 88 ఉన్న గుంటలోకి చేరడం వల్లనే ఆక్సిజన్ లేని అణువులు పోగుల్లా పేరుకుపోతాయి. నాలుగు గొలుసులే ఉంచితే ఆ వాలీన్ నీటి వైపు తిరిగి, ఎవరినీ తాకకుండా, ఏ హానీ చేయనిదానిలా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్‌లో తక్కువ తీసుకొని దెబ్బతిన్నాం, సికిల్ సెల్‌లో ఎక్కువ తీసేసి దెబ్బతినబోయాం. ఎన్ని గొలుసులు ఉంచాలో ఫైలు చెప్పదు, ప్రశ్న చెబుతుంది.

మొదటి పోస్టరు సారాంశాన్ని వెనక్కి తీసుకొని, కారణం రాసి, సరిచేసిన పట్టికను పంపాం. నిర్వాహకులు అంగీకరించారు. పోస్టరులో ఒక మూల పాత సున్నా వరుసను కూడా ఉంచాలని ఆమె పట్టుబట్టింది. నేను మొదట ఒప్పుకోలేదు, తరువాత ఒప్పుకున్నాను. ఆ మూల దగ్గరే ఎక్కువమంది ఆగారు.

ఒక మాట చెప్పకపోతే ఈ నివేదిక అసంపూర్ణం. ఇక్కడ చూపిన కాంటాక్టులన్నీ స్ఫటికంలో గడ్డకట్టిన రెండు నిశ్చల చిత్రాల నుంచి వచ్చినవి. ప్రోటీన్ ద్రావణంలో నిరంతరం కదులుతుంది, 4.3 దగ్గర ఉన్న జంట మరుక్షణం 4.8కి పోవచ్చు. అందువల్ల మా చివరి పట్టికలో 4, 4.5, 5 అన్న మూడు గీతల దగ్గరా నిలిచిన మార్పులనే ముఖ్యమైనవిగా గుర్తించాం. హిస్టిడిన్ 97 మార్పిడి, ఆస్పరజీన్ 102 పట్టు, చివరల సాల్ట్ బ్రిడ్జిలు మూడింటి దగ్గరా నిలిచాయి. ఒకే గీత దగ్గర కనిపించి మిగతా రెండింటి దగ్గర మాయమైనవాటిని అనుబంధంలో వదిలేశాం. కోడులో కూడా ఒక మార్పు చేశాం. అడిగిన గొలుసు ఫైలులో లేకపోతే ఖాళీ జాబితా ఇవ్వకుండా అక్కడే ఆగి, గొలుసు లేదని చెబుతుంది. మొత్తం పనిలో అన్నిటికంటే చిన్న మార్పు అదే, రెండు పంక్తులు.

ప్రాజెక్టు ముగిశాక ఆమె తిరిగి తన మొదటి కోరికకు వచ్చింది. రొయ్యకు దగ్గరి చుట్టమైన ముళ్ల ఎండ్రరొయ్య (స్పైనీ లాబ్‌స్టర్) హిమోసయానిన్ నిర్మాణం 1989 నాటిది, రిజల్యూషన్ 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆరు గొలుసులు కలిసిన అణువు. ఒక్కొక్క గొలుసులో రెండు రాగి పరమాణువులు, ఒక్కొక్క రాగిని పట్టుకొని మూడు హిస్టిడిన్‌లు. ఆ రిజల్యూషన్‌లో 4.5 గీతను అంత నమ్మకంగా వాడలేమని నేను చెప్పబోతున్నాను. ఆమె అప్పటికే ఫైలు తెరిచి, గొలుసుల పేర్లు కాగితం మీద రాసుకొని, రిమార్క్ 350 దాకా వచ్చేసింది.